3,100 ట్రిప్పుల మట్టి, లెవెల్స్‌లో 12,200 క్యూబిక్ మీటర్లు తక్కువ. తప్పు ఎక్కడ జరిగింది?

చెరువు సైట్ అడిగారు:

పెద్దలందరికీ నమస్కారం. నేను సివిల్ పూర్తిచేసి ఏడాదిన్నర అయింది. ప్రకాశం జిల్లాలో ఒక మంచినీటి ఎస్ఎస్ ట్యాంకు (వేసవికి నీళ్లు నిల్వ చేసే చెరువు) తవ్వకం మీద సైట్ ఇంజనీర్‌గా ఉన్నాను. పెద్ద మట్టి పని చూడడం నాకు ఇదే మొదలు. నాలుగు రోజులుగా నిద్ర పట్టడం లేదు. కొంచెం పొడవుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఇప్పటివరకు నాలుగెకరాల మేర సగటున రెండున్నర మీటర్ల లోతు తవ్వాం. పైనంతా నల్లరేగడి, కింద సుద్ద కలిసిన పసుపు మట్టి తగులుతోంది. ఇరవై టన్నుల పొక్లెయిన్లు రెండు, టిప్పర్లు ఆరు. కొంత మట్టి కట్టకు పోతోంది, మిగతాది రెండు కిలోమీటర్ల అవతల పోస్తున్నాం. టిప్పర్లు పక్క ఊరి అన్న పెట్టారు. రెండు ఆయన సొంతం, నాలుగు ఆయన పూచీ మీద వచ్చినవి. క్యూబిక్ మీటరుకు ఇంత అని రేటు. బండి బాడీలు కొలిచాం, ఆరు యూనిట్లు, అంటే 17 క్యూబిక్ మీటర్లు. ట్రిప్పుకో చీటీ. ప్రతి చీటీ మీద సంతకం నాదే.

నెలాఖరుకు చీటీలు లెక్కపెడితే 3,100 తేలాయి. పదిహేడుతో గుణిస్తే 52,700 క్యూబిక్ మీటర్లు. ఆయన బిల్లు అంతకే పెట్టారు. అదే వారం సర్వేయర్ వచ్చి లెవెల్స్ (నేల ఎత్తుల కొలతలు) తీసి క్రాస్ సెక్షన్లు (అడ్డకోత పటాలు) వేస్తే తవ్వకం 40,500 మాత్రమే వచ్చింది. మేనేజర్ గారు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, "12,200 క్యూబిక్ మీటర్లకు దొంగ ట్రిప్పులు రాసుకున్నారు, నువ్వు చూడకుండా సంతకాలు పెట్టావు" అన్నారు. బిల్లు ఆపేశారు. టిప్పర్ల అన్న నన్ను ఒకటే అడిగారు: "బాబూ, గేటు దగ్గర నిలబడి చీటీలిచ్చింది నువ్వే కదా, ఒక్క బండి ఖాళీగా పోయిందా?" లేదు, పోలేదు. నా కళ్లతో చూశాను. అయినా లెవెల్ మెషిన్ అబద్ధం చెప్పదు కదా అని ఆయనకు సమాధానం చెప్పలేకపోయాను. రెండు రోజులుగా బండ్లు ఆగిపోయాయి.

ఇంకో రెండు సంగతులు. పని నెమ్మదిగా సాగుతోందని మూడో పొక్లెయిన్ తెప్పిద్దాం అంటున్నారు. అది సరైనదేనా? మొన్న రాత్రి గాలివానకు గుంతలో నీళ్లు చేరితే మోటారు పెట్టాం. ఉత్తరం అంచున నల్లరేగడిలో నెర్రెలు కూడా ఎక్కువయ్యాయి. టిప్పర్లు అటునుంచే తిరుగుతాయి కాబట్టి వాటిని మట్టితో పూడ్పిస్తున్నాను. అదేమంత పెద్ద విషయం కాదు. నా అసలు ప్రశ్న ఆ 12,200 గురించే.

ఆరు యూనిట్ల బండి జవాబు:

తమ్ముడూ, నాకు మూడు టిప్పర్లున్నాయి, పదహారేళ్లుగా ఇదే పని. మీ అన్న స్థానంలో నేను రెండుసార్లు నిలబడ్డాను. ఒకసారి బిల్లు కోసేశారు. ఆ నెల డ్రైవర్ల జీతాలు ఇంట్లో బంగారం కుదువబెట్టి ఇచ్చాను. దొంగ ట్రిప్పు అన్న మాట మా పనిలో ఎంత బరువో చెప్పలేను. ఒకసారి ఆ పేరు పడితే పక్క సైట్లో కూడా బండి పెట్టనివ్వరు.

మట్టి తీస్తే పొంగుతుంది. గుంత తీసి అదే మట్టితో పూడ్చిన పల్లెటూరి మనిషిని ఎవరిని అడిగినా చెప్తాడు, తీసిందంతా తిరిగి పట్టదని. లెక్క పెద్దవాళ్లు చెప్తారు. నేను బండి సంగతి చెప్తాను.

17 అన్నది ఖాళీ బాడీ కొలత. నల్లరేగడి తడిగా ఉన్న రోజు బాడీ అడుగున, మూలల్లో ముద్దగా అతుక్కుంటుంది. ఎత్తి దులిపినా రాదు. అది మళ్లీ సైట్‌కే తిరిగొస్తుంది, ఆ మేరకు తర్వాతి ట్రిప్పు తక్కువ పడుతుంది. మేం రెండు మూడు ట్రిప్పులకోసారి పారతో గీకిస్తాం. వాన పడింది అన్నావు కాబట్టి ఈ జాగ్రత్త చెప్తున్నా: మట్టి అతుక్కుని దిగనప్పుడు బాడీ పూర్తిగా ఎత్తి బండిని ముందుకూ వెనక్కూ కుదిపే డ్రైవర్లుంటారు. అది చేయనివ్వొద్దు. బరువంతా పైన ఉంటుంది. ఒక వెనక చక్రం మెత్తటి మట్టిలో దిగితే చాలు, బండి పక్కకు ఒరిగిపోతుంది. పోసే చోట నేల సమంగా ఉండాలి, పైన కరెంటు తీగలు ఉండకూడదు, ఒక మనిషి విజిల్‌తో నిలబడాలి.

అన్నకు ఫోన్ చెయ్యి. లెక్క తేలేదాకా ఆగకు.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ జవాబు:

బాబూ, డబ్బు లెక్క చెప్తాను. దానికంటే ముందు, నువ్వు పెద్ద విషయం కాదని రాసిన ఆ ఉత్తరం అంచు సంగతి. ఇది చదవగానే అటు ఎవరినీ వెళ్లనివ్వకు. పైన బండ్లే కాదు, కింద మోటారు దగ్గర మనుషులు కూడా. బండ్లు ఎలాగూ ఆగి ఉన్నాయి, అది మంచిదైంది.

వేసవిలో నల్లరేగడి నెర్రెలు విచ్చడం మామూలే. నాకూ తెలుసు. తెలుసు కాబట్టే ఒకసారి పొరపడ్డాను. 1994లో ఒక కాలువ డీప్ కట్ (లోతైన తవ్వకం) మీద ఉన్నాను. పక్కలు ఇంకా వాలు తీయలేదు, నిలువుగా పదహారడుగులు. వాన పడ్డ మూడో రోజు పొద్దున గట్టు మీద నడుస్తుంటే అంచుకు ఏడెనిమిది అడుగుల వెనక ఒక బీట కనబడింది. నల్లమట్టే కదా, నెర్రె అనుకుని దాటి వెళ్లిపోయాను. మధ్యాహ్నం అన్నాల వేళకు సరిగ్గా ఆ బీట దగ్గరనుంచి గట్టు మొత్తం లోపలికి జారింది. కింద పంపు పైపు సర్దుతున్న కుర్రాడు నడుము పై దాకా కూరుకుపోయాడు. బకెట్ పెడితే మనిషికి తగులుతుందని మెషిన్ ఆపేశాం. దగ్గరకు వచ్చాక పారలు కూడా పక్కన పడేసి చేతులతో తోడాం. తడి నల్లమట్టి ఎంత తోడినా అంతే జారుతుంది, వేళ్లకు పట్టుకుని వదలదు. గంటన్నర పట్టింది. తొడ ఎముక విరిగింది గానీ బతికాడు. పొద్దున ఆ బీట మీద నుంచి నేను వేసిన అడుగు ఇప్పటికీ కళ్లముందు ఉంటుంది.

ఆ తర్వాత నేర్చుకున్నది చెప్తాను, రాసి పెట్టుకో. నెర్రెలు సాలెగూడులా అన్ని వైపులకూ పోతాయి, ఒకదాన్నొకటి కోసుకుంటాయి. పైగా వాన పడితే నల్లరేగడి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. నీ దగ్గర వాన తర్వాత ఎక్కువయ్యాయన్నావు. ఆ ఒక్క మాటకే నాకు భయం వేసింది. జారబోయే గట్టు బీట ఒకటే గీతలా, అంచుకు సమాంతరంగా పోతుంది. దాని పక్కన కూర్చుని అరచేయి అడ్డంగా పెట్టి చూడు. గుంత వైపు నేల వేలెడంత కిందకు దిగిందంటే అది నెర్రె కాదు. దాన్ని మట్టితో పూడ్చడం వల్ల గట్టు నిలబడదు, కదలిక నీ కంటికి కనబడకుండా పోతుంది, అంతే. బీటకు అటొకటి ఇటొకటి ఇనుప మేకులు కొట్టించి, మధ్య దూరం టేపుతో కొలిచి టైముతో సహా రాయి. పొద్దున, సాయంత్రం చూడు. పైనుంచి వాన నీళ్లు అటు రాకుండా చిన్న కట్ట వేయించు. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) సేఫ్టీ కోడ్‌లో, తవ్విన మట్టి అంచుకు మీటరున్నర లోపల గానీ, లోతులో సగం దూరం లోపల గానీ, రెండింట్లో ఏది ఎక్కువైతే ఆ మేర పోయకూడదని ఉంది. అది మట్టి కుప్పకే. నిండు టిప్పరు బరువు, దాని అదురు ఇంకా ఎక్కువ కదా. దారి ఎంత దూరం జరిపితే అంత మంచిది. ఆపరేటర్ నిలువుగా కోసుకుంటూ పోయి ఉంటాడు, వాలు చివర్లో తీద్దామని. మూడు మీటర్ల లోపే ఉంది కదా అనుకుంటారు. నల్లరేగడిలో ఆ వాయిదా వద్దు. తవ్వుతూనే వాలు తీయించు.

ఇప్పుడు నీ 12,200.

52,700ని 40,500తో భాగించు. 1.30 వస్తుంది. నేలలో పది తట్టలున్న మట్టి బండిలో పదమూడు తట్టలైంది. నల్లరేగడికి, బంకమట్టికి ఇది ఉండాల్సిన అంకే. ఏళ్ల తరబడి బిగిసిపోయిన నేలను బకెట్ పళ్లు పెళ్లలుగా లేపుతాయి. పెళ్లకూ పెళ్లకూ మధ్య గాలి. బండి బాడీలో నువ్వు కొలిచింది మట్టితో పాటు ఆ ఖాళీని కూడా. ఇసుక అయితే పదో పదిహేనో శాతం పొంగుతుంది. మామూలు మట్టి పాతిక శాతం, బంకమట్టి ముప్పై నుంచి నలభై. మందు పెట్టి పేల్చిన బండ అయితే ఒకటికి ఒకటిన్నర దాటుతుంది. ఎవరో దొంగ ట్రిప్పులు రాసి ఉంటే నీ అంకె 1.30 దగ్గర ఇంత బుద్ధిగా ఆగేది కాదు.

మూడో కొలత కూడా ఉంది, అది ఇంకో నెలకు నీ ముందుకొస్తుంది. అదే మట్టి కట్టలోకి వెళ్లి నీళ్లు తాగి షీప్ ఫుట్ రోలర్ (గొర్రె కాళ్లలాంటి పొడుపులున్న రోలర్) కింద నలిగాక నేలలో ఉన్న దానికంటే కూడా తగ్గుతుంది. నూరు క్యూబిక్ మీటర్లు తవ్వితే కట్టలో తొంభై అటూఇటుగా తేలుతుంది. మేం తొమ్మిదంగుళాల పొర పోస్తే తొక్కించాక ఆరంగుళాలు నిలిచేది. అప్పుడు మళ్లీ, తవ్విన మట్టి ఎక్కడికి పోయింది, ఎవరు అమ్ముకున్నారు అని అడుగుతారు. ఇప్పుడే నీ డైరీలో మూడు గళ్లు గీసుకో: నేల కొలత, బండి కొలత, కట్ట కొలత. ఏ అంకె రాసినా ఏ గడిలోదో రాయి. ఒక గడిలో అంకెను ఇంకో గడిలో అంకెతో పోల్చినందుకే ఇంత గొడవ.

మా నాన్న పాలమూరు నుంచి నాగార్జునసాగర్ పనికి వలస వెళ్లాడు. 1955 డిసెంబరులో నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లొదిలారు. మధ్యలో రాతి డ్యాం లేచినప్పుడూ, రెండు పక్కలా మట్టి కట్టలు లేచినప్పుడూ ఎక్కువ భాగం మనిషి నెత్తి మీదే లేచింది. అమ్మ కూడా తట్ట మోసింది. నాన్న చెప్పేవాడు, కూలి తట్టల లెక్కన కాదు, గుంత లెక్కన అని. తవ్వే చోట మధ్యమధ్య తవ్వకుండా మట్టి దిమ్మెలు వదిలేవారు. దిమ్మె నెత్తిన పాత గడ్డి అలాగే ఉండాలి. కొలతకు వచ్చిన మనిషి దిమ్మె పైనుంచి కిందకు కర్ర పెట్టి లోతు చూసేవాడు. పైన రెండు చేతుల మట్టి పేర్చి దిమ్మె ఎత్తు పెంచారా అని గడ్డి వేళ్లు చూసేవాడట. కూలీ కడుపూ, సర్కారు డబ్బూ రెండూ ఆ దిమ్మె మీదే ఆధారపడి ఉండేవి. ఇప్పుడు మీకు లెవెల్ మెషిన్లు, డ్రోన్లు వచ్చాయి. వాటి పనీ అదే, తవ్వక ముందు నేల ఎక్కడుందో సాక్ష్యం చెప్పడం.

బిల్లు విషయానికొస్తే, అగ్రిమెంటు తీసి చదువు. ఏ కొలత మీద రేటు మాట్లాడుకున్నారు? బండి కొలత మీద అయితే ఆయన 52,700 న్యాయం. నేల కొలత మీద అయితే 40,500కే ఇవ్వాలి, కానీ ఆ రేటు ఆ కొలతకు తగ్గట్టు మాట్లాడుకున్నదై ఉండాలి. బండి కొలతకు నూరు రూపాయలంటే నేల కొలతకు నూట ముప్పై. రేటు బండిది, కొలత నేలది పెట్టి కోయడం అన్యాయం. అలా చేయనివ్వకు, నీ సంతకాలున్నాయి.

మేనేజర్ గారితో వాదన పెట్టుకోవద్దు, చేసి చూపించు. తవ్వని చోట మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంత కోయించు. పక్కలు నిటారుగా చెక్కించు. కాంక్రీటుకు వాడే గేజ్ బాక్సు సైట్లో ఉంటుంది, 35 లీటర్లది. వచ్చిన మట్టిని అదమకుండా బాక్సులో నింపి పైన కర్రతో తుడిచి లెక్కపెట్టు. పొంగకపోతే ఇరవై ఎనిమిదిన్నర బాక్సులే రావాలి. ఎన్నొస్తాయో ఆయన్నే లెక్కపెట్టమను.

మూడో పొక్లెయిన్ సంగతి. ఇప్పుడు తేవద్దు. ఇరవై టన్నుల మెషిన్‌కు బకెట్ క్యూబిక్ మీటరు అనుకుందాం, నిండేది దానికి కొంచెం తక్కువ, 0.9 వేసుకో. బండి నిండడానికి పంతొమ్మిది బకెట్లు. ఆపరేటర్ చేయి తిరిగినవాడైతే బకెట్‌కు పాతిక సెకన్లు. అంటే ఎనిమిది నిమిషాల్లో బండి నిండుతుంది. ఇక బండి చుట్టు: నిండుగా రెండు కిలోమీటర్లు, కచ్చా దారిలో గంటకు పన్నెండు కిలోమీటర్ల నడకన పది నిమిషాలు. ఖాళీగా రావడానికి ఆరు. పోసి, తిప్పుకుని, వెనక్కి వచ్చి నిలబడడానికి ఆరు. నింపే ఎనిమిదితో కలిపి ముప్పై. ముప్పైని ఎనిమిదితో భాగిస్తే మెషిన్‌కు నాలుగు బండ్లు కావాలి. నీకు మూడే ఉన్నాయి. అంటే ముప్పై నిమిషాల్లో ఆరు నిమిషాలు మెషిన్ బండి కోసం ఎదురుచూస్తోంది. మూడోది తెస్తే మూడు మెషిన్లు ఎదురుచూస్తాయి.

బండ్లు పెంచే ముందు కూడా ఒకసారి దారి చూడు. గ్రేడర్‌తో ఒక పూట చదును చేయించి, గుంటలు గ్రావెల్‌తో నింపి, దుమ్ము లేవకుండా ట్యాంకర్‌తో నీళ్లు కొట్టిస్తే నిండు బండి పన్నెండు బదులు పద్దెనిమిదితో వెళ్తుంది. పది నిమిషాలు ఏడవుతుంది, చుట్టు ఇరవై ఏడుకు దిగుతుంది. ఇంకో రెండు నిమిషాలు గుంతలోనే దొరుకుతాయి. మెషిన్‌కు ఎడమ పక్క ఒక బండి నిండుతుండగా కుడి పక్కకు ఇంకోటి వచ్చి నిలబడాలి. మెషిన్ తవ్వని గట్టు మీద, బండి కింద ఉండాలి, బకెట్ పైకెత్తే పని తగ్గుతుంది. ఆ గట్టు గట్టిగా ఉన్న చోట మాత్రమే సుమా, ఉత్తరం వైపు వద్దు. చాలామంది పెద్ద మెషిన్ వస్తే పని పరుగెడుతుందనుకుంటారు. నేను చూసిన సైట్లలో పనిని ఆపింది ఎక్కువగా దారే.

లెవెల్ బుక్ జవాబు:

నేను సర్వేయర్‌ని, కాలువలు, ట్యాంకుల మీదే పదకొండేళ్లు. ఇన్‌స్పెక్టర్ గారు చెప్పినదంతా సరే. నేను అడిగేది ఆ 40,500 ఎంత గట్టిదని. లెవెల్ మెషిన్ అబద్ధం చెప్పదు అని రాశారు. మెషిన్ చెప్పదు, మనం దాన్ని ఎక్కడ పెట్టామో ఆ చోటు చెబుతుంది.

నాలుగెకరాలు అంటే దాదాపు 16,200 చదరపు మీటర్లు. మొదటి లెవెల్ పది సెంటీమీటర్లు తప్పితే 1,600 క్యూబిక్ మీటర్లు పైకో కిందకో పోతాయి. బండి కొలతకు మారిస్తే నూట ఇరవై ట్రిప్పుల పైమాటే! పది సెంటీమీటర్లు తప్పడం చాలా తేలిక. ముళ్ల కంప, గడ్డి కొట్టక ముందు డ్రోన్ ఎగరేస్తే అది గడ్డి తలలను నేల అనుకుంటుంది. కొట్టి, పై పొర చెక్కేశాక తీస్తే ఆ చెక్కిన మట్టి లెక్కలోకి రాదు. కాబట్టి మొదటి లెవెల్స్ ఏ రోజు తీశారు, ఆ రోజు నేల మీద ఏముంది అనేది కాగితం మీద ఉండాలి.

టీబీఎం (లెవెల్స్ అన్నిటికీ ఆధారంగా పెట్టుకునే ఎత్తు గుర్తు) ఎక్కడుందో వెళ్లి చూడండి. కల్వర్టు గోడ మీద ఉంటే మంచిది. నేను ఒక సైట్‌కు వెళ్లేసరికి టీబీఎం పెట్టిన రాయిని టిప్పరు తొక్కేసింది, ఎవరో మంచి మనసుతో దాన్ని మళ్లీ నిలబెట్టి పెయింటు కూడా వేశారు. నాలుగు అంగుళాలు మారింది. మూడు నెలల కొలతలు మళ్లీ చేశాం. అందుకే రెండోది, మూడోది గుంతకు దూరంగా పెట్టి, వాటిని కలిపి చూస్తూ ఉండాలి.

గ్రిడ్ ఎంత, అంటే ఎన్ని మీటర్లకొక లెవెల్ తీశారు? ఇరవై మీటర్లయితే గుంత అడుగున ఎత్తుపల్లాలు జారిపోతాయి. అడుగు లెవెల్స్ పది మీటర్లకు మళ్లీ తీయించండి. అప్పుడు టిప్పర్ల ఆయన్ను కూడా పక్కన నిలబెట్టుకోండి. స్టాఫ్ (లెవెల్ కొలత కర్ర) పట్టుకునే చోటు ఆయన కళ్లతో చూసి, అంకె ఆయన ముందే పుస్తకంలో పడి, కింద ఇద్దరి సంతకాలుంటే తర్వాత ఎవరూ ఎవర్నీ అనరు. కొలత ఒకరి వెనక ఒకరు తీసుకునేది కాదు.

చెరువు సైట్ జవాబు:

అందరికీ పేరు పేరునా దండాలు. మూడు రోజుల తర్వాత రాస్తున్నాను, ఎందుకంటే చేసి చూశాకే రాయాలనుకున్నాను.

గుంత కొట్టించాను. ఇద్దరు మనుషులు పొద్దున ఏడింటికి మొదలుపెడితే పదకొండు దాటింది, పక్కలు చెక్కడానికే ఎక్కువ సేపు పట్టింది. పైన అడుగున్నర ఎండిన నల్లమట్టి, కొబ్బరికాయంత పెళ్లలు. కిందకు వెళ్లేకొద్దీ చల్లగా, కత్తితో కోసినట్టు నున్నగా వచ్చింది. మేనేజర్ గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఒక్కో బాక్సు తుడిచినప్పుడల్లా నేను నేల మీద గీత గీస్తున్నాను. ఇరవై తొమ్మిదో బాక్సు అయ్యాక కుప్ప ఇంకా మోకాలెత్తు మిగిలి ఉంది. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి కుప్ప చుట్టూ తిరిగారు. చివరికి ముప్పై ఏడున్నర బాక్సులు వచ్చింది. అంటే 1.31. ఆయన ఏమీ అనలేదు. మట్టి పెళ్ల ఒకటి తీసి చేతిలో నలిపి, "బిల్లు పంపించు" అన్నారు. తర్వాత అదే మట్టిని నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టుకుంటూ తిరిగి నింపించాను. మొత్తం పట్టేసింది! పొద్దున కుప్ప చూసినవాళ్లెవరూ అది పడుతుందనుకోలేదు.

అగ్రిమెంటు చూశాను. "టిప్పర్ బాడీ కొలత ప్రకారం" అని స్పష్టంగా రాసి ఉంది. నెల రోజులుగా నా టేబుల్ సొరుగులోనే ఉంది ఆ కాగితం.

లెవెల్ బుక్ మేడం గారూ, మన టీబీఎం కల్వర్టు గోడ మీదే ఉంది, కదల్లేదు. మొదటి లెవెల్స్ కంప కొట్టాక, పై పొర చెక్కక ముందు తీసినవే. అడుగు లెవెల్స్ పది మీటర్లకు మళ్లీ తీస్తే తేడా 300 లోపే వచ్చింది. అన్న పక్కనే నిలబడి చూశారు, సంతకం పెట్టారు.

అంతకు ముందు రోజు సాయంత్రం అన్న ఇంటికి వెళ్లాను. లెక్క ఇంకా తేలలేదు, అయినా వెళ్లాను. మొదటి జవాబులో అన్న గారు చెప్పిన మాట నన్ను కూర్చోనివ్వలేదు. గేటు దగ్గర ఖాళీ బండి ఒక్కటీ పోలేదు, ఆ మాట ఆ రోజే అందరి ముందు చెప్పాల్సింది, చెప్పలేదు, క్షమించండి అన్నాను. ముందు మజ్జిగ తాగు అన్నారు. వాళ్ల ఆవిడ లోపల్నుంచి వచ్చి, "నాలుగు బండ్ల వాళ్లూ పొద్దుటే వచ్చి అరుగు మీద కూర్చుంటున్నారు బాబూ" అని మాత్రం అన్నారు. మర్నాడు ఉదయం ఆరుకే బండ్లు వచ్చాయి.

దారికి గ్రేడర్ రేపు వస్తోంది. మూడో పొక్లెయిన్ వద్దని మేనేజర్ గారు తనే అన్నారు, ముప్పై నిమిషాల లెక్క ఆయనకు కాగితం మీద వేసి చూపించాను.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ జవాబు:

సంతోషం బాబూ. అన్న ఇంటికి లెక్క తేలకముందే వెళ్లావు చూడు, అది నాకు బాగా నచ్చింది. ఇన్ని రాశావు గానీ ఉత్తరం అంచు గురించి ఒక్క ముక్క రాయలేదు. మేకులు కొట్టించావా? ఎంత ఉంది?

చెరువు సైట్ జవాబు:

సార్, కొట్టించాను. చదివిన రాత్రే టార్చి లైటు వేసుకుని వెళ్లాను. పూడ్పించిన మట్టి తీయిస్తే మీరు చెప్పినట్టే ఉంది. చిన్న నెర్రెలన్నీ వానకు మూసుకుపోయాయి. అంచుకు రెండు మీటర్ల లోపల ఒకటే గీత, ముప్పై అడుగుల పొడవున. చెయ్యి అడ్డంగా పెడితే గుంత వైపు రెండు వేళ్లు కిందకు ఉంది. మేకుల మధ్య 60 సెంటీమీటర్లు పెట్టాను. మర్నాడు పొద్దున 60.4. సాయంత్రానికి 61.5.

కింద మోటారును దక్షిణం మూలకు మార్చాం. టిప్పర్ల దారి తూర్పు వైపు తిప్పాం, అటు చుట్టు కొంచెం ఎక్కువే పడుతుంది, పడనీ. ఉత్తరం వైపు తాడు కట్టి మనిషిని కూర్చోబెట్టాను. నిన్నటినుంచి ఒక పొక్లెయిన్ బీటకు బాగా వెనక, గట్టి నేల మీద నిలబడి పైనుంచి వాలు తీస్తోంది. ఇంకో పదిహేను మీటర్లు మిగిలింది.